కట్టుడు పళ్ళ పిండితో చేసిన కన్ను

ఉగాది సంచిక వస్తున్నదంటే మన సంఘంలో కలం పట్టేవారందరమూ రాయలవారి దగ్గరికో, మధుర తంజావూరు నాయకరాజుల దగ్గరికో పోతాము. మన పెద్దలు యీ ప్రాంతాలకు ఎప్పుడు వచ్చినారు, ఏ రాజు వెంట వచ్చినారు, ఏ కరువుకు వచ్చినారు అని వెతుక్కోవడం మనకు అలవాటు. అది మంచి అలవాటే. అయితే యీ యేడు పాఠకులు అనుమతిస్తే రాజులను కాస్త పక్కన కూర్చోబెట్టి, రూపాయి బిళ్ళంత వస్తువొకదాని చరిత్ర చెప్పదలచినాము. ఆ వస్తువు పెట్టుడు కన్ను.

మన ఇళ్ళల్లో దానిని ఇప్పటికీ గాజు కన్ను అనే అంటారు. పేరు మిగిలినది గాని గాజు మిగలలేదు. నేడు మన దేశంలో అమర్చే పెట్టుడు కళ్ళు సాధారణంగా గాజువి కావు. కట్టుడు పళ్ళకు గులాబిరంగు చిగుళ్ళు ఏ పదార్థంతో చేస్తారో, ఆ పదార్థంతోనే యీ కన్నూ చేస్తారు. చేసేవారు కూడా చాలాచోట్ల పళ్ళ డాక్టర్లే. కంటికీ పంటికీ యీ చుట్టరికం ఎట్లా కలిసినది? అది తెలుసుకుంటే మన కుటుంబాలలో కొందరికైనా పనికివస్తుందని మా నమ్మకం.

ఎందుకంటే ఒక కన్ను పోయినవారు మనకు కొత్త కాదు. మశూచికం ఉన్న రోజుల్లో అమ్మవారు పోసి కళ్ళు పోయినవారు ప్రతి వూళ్ళోనూ కనిపించేవారు. ఆ జబ్బు మన దేశంలో 1975తో అంతరించినది. కాని దీపావళి టపాకాయ అంతరించలేదు, పిల్లల కర్రాబిళ్ళ ఆట అంతరించలేదు, కొలిమి దగ్గరా లేతు దగ్గరా ఎగిరిపడే ఇనుప రజను అంతరించలేదు. పసిపిల్లలకు కంటిలో పుట్టే క్యాన్సరు ఒకటి వున్నది. కంటిపాపలో పిల్లికన్ను వలె తెల్లని మెరుపు కనిపించడం దాని గుర్తు. అట్టి మెరుపు చూసిన తల్లి ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా కంటి ఆసుపత్రికి పోవలెను. ముదిరిన తరువాత ప్రాణం దక్కడానికి కన్ను తీసివేయక తప్పని సందర్భాలు వుంటవి.

శ్రీకాళహస్తిలో తిన్నడు తన కన్ను పెకలించి శివునికి అమర్చిన కథ మనకు ఉగ్గుపాలతో వచ్చినదే. మనుష్యునికి మనుష్యుడు అట్లా కన్నిచ్చే విద్య నేటికీ రాలేదు. నేత్రదానమంటే కంటి ముందున్న పారదర్శకపు పొర మాత్రమే. కన్ను మొత్తం మార్చి చూపు తెప్పించడం ఇంతవరకు సాధ్యపడలేదు. కనుక తీసిన కంటి చోట పెట్టేది చూపునివ్వదు. ముఖాన్ని మాత్రం నిలబెడుతుంది. అది చిన్న సంగతి అనుకునేవారు, పెండ్లిచూపుల నాడు తల వంచుకుని కూర్చున్న పిల్లను ఒకసారి చూసి మాట్లాడవలెను.

ఐరోపాలో యీ విద్య చాలా పాతది. పదహారవ శతాబ్దంలో ఫ్రాన్సు రాజుల శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే బంగారం, వెండి రేకులతో చేసి పైన రంగు పింగాణీ పూసిన కళ్ళను వర్ణించినాడు. వాటిలో ఒక రకం రెప్పల లోపల ఇమిడేది. మరొక రకం కంటి గుంట బయటనే, తలచుట్టూ వచ్చే పట్టీ ఆధారంతో నిలిచేది. తరువాత వెనిస్ గాజుపనివారు పలుచని గాజు చిప్పలు వూది చేసినారు. అవి చూడడానికి బాగుండేవి, పెట్టుకున్నవారికి గుచ్చుకునేవి. పద్ధెనిమిది, పంతొమ్మిది శతాబ్దాలలో యీ పనికి పారిస్ పేరు పొందినది.

ఆ పైన కథ జర్మనీలో తూరింగియా కొండల మధ్య లౌషా అనే చిన్న వూరికి చేరినది. 1597లో గాజు బట్టీ పెట్టిననాటి నుండి ఆ వూరి బ్రతుకంతా గాజే. లూడ్విగ్ మ్యుల్లర్ ఊరి అనే పనివాడు అక్కడ బొమ్మలకు కళ్ళు చేసేవాడు. ఆ బొమ్మకళ్ళను చూసిన ఆడెల్మాన్ అనే వైద్యుడు, మనుష్యులకు కూడా చేసి చూడమని ప్రోత్సహించినాడు. 1835లో అక్కడ మనిషికన్ను తయారైనది. బొమ్మలవాడు మనుష్యులవాడైనాడు. మన కొండపల్లిలో, ఏటికొప్పాకలో వున్న చేతులకు అట్టి అవకాశం ఎవరైనా ఇచ్చివుంటే ఏమయ్యేదో గదా అని మాకు అనిపిస్తుంది.

గాజుకు కన్నీరు శత్రువు. ఆ వుప్పునీటికి గాజు మెరుపు తగ్గి గరుకుతేలి రెప్పలను గీకేది. 1868లో మ్యుల్లర్ ఊరి కుటుంబం గ్రీన్లాండు నుండి వచ్చే క్రయొలైట్ అనే ఖనిజం కలిపి కొత్త గాజు చేసినది. దాని తెలుపు అచ్చం తెల్లగుడ్డు తెలుపు, కన్నీటికి తట్టుకునే శక్తి కూడా ఎక్కువ. అంతటితో లౌషాకు తిరుగు లేకపోయినది. పని రహస్యం తండ్రి నుండి కొడుక్కు, మామ నుండి అల్లునికి పోయేది గాని బయటికి పోలేదు. జర్మను పనివారు పెట్టెలు మోసుకుని అమెరికా పట్టణాలు తిరిగి, వచ్చినవారి ఎదుటనే మంటలో గాజు వూది కళ్ళు చేసి ఇచ్చేవారు. వారు రాని రోజులకు వైద్యుల దగ్గర సొరుగుల నిండా తయారు కళ్ళు వుండేవి. రోగి కంటికి దగ్గరగా వున్నదేదో సొరుగులో ఏరి పెట్టేవారు. చెప్పుల కొట్టులో చెప్పులు ఏరినట్లే. కాలికి బిగుతైతే కాలే సర్దుకోవలెను.

గాజు కంటిలో ఇంకొక చిక్కు వున్నది. అది ఒకసారి వూదితే అంతే. ఒక మూల ఒరిపిడిగా వుంటే అక్కడ కొంచెం అరగదీయడానికి లేదు, మరొక మూల పలుచనైతే కొంచెం అతకడానికి లేదు. వేడి నుండి చలికి హఠాత్తుగా పోతే పగిలేది, కింద పడితే చెప్పనక్కరలేదు. ఏడాదికో రెండేళ్ళకో కొత్తది కావలెను.

1939లో యుద్ధం వచ్చినది. జర్మనీ సరుకు ఆగినది, జర్మను పనివారి రాకపోకలు ఆగినవి. కళ్ళు పోయే సైనికుల సంఖ్య మాత్రం నానాటికి పెరిగినది. సొరుగులు ఖాళీ అయినవి. మిత్రదేశాల సైన్యాల ఆసుపత్రులలో కళ్ళు తీసిన కుర్రవాళ్ళు నల్లగుడ్డ పట్టీలతో కూర్చుని వున్నారు. ఒక వూరి రహస్యం మీద లోకమంతా ఆధారపడితే జరిగేది యిదే.

ఇక్కడ పళ్ళ సంగతికి రావలెను. 1850ల నుండి సుమారు ఎనభై ఏళ్ళు కట్టుడు పళ్ళ దిమ్మెలను గంధకంతో గట్టిపరచిన రబ్బరుతో చేసేవారు. ముదురు ఎరుపు, చీకటి రంగు. నోరు తెరిస్తే చిగురు కాదని దూరం నుండే తెలిసేది. 1930లలో ఆక్రిలిక్ అనే ప్లాస్టిక్కు వచ్చినది. జర్మనీలో ఒట్టో రోమ్ కంపెనీ దానిని ప్లెక్సిగ్లాస్ అనే పేరిట పలకలుగా చేసినది, ఇంగ్లండులో పెర్‌స్పెక్స్ అన్నారు. విమానాలకు అద్దాలుగా అమర్చినారు. 1936 ప్రాంతంలో కుల్జర్ అనే జర్మను కంపెనీ దానిని పళ్ళ డాక్టరు చేతికి వచ్చే రూపంలోకి తెచ్చినది. ఒక సీసాలో పొడి, ఒక సీసాలో ద్రవం. రెండూ కలిపితే కొంతసేపటికి పూరీపిండి వలె ముద్ద అవుతుంది. ఆ ముద్దను అచ్చులో నొక్కి వేడినీటిలో వుంచితే రాయి వలె గట్టిపడుతుంది. పూర్తిగా ద్రవంతోనే చేస్తే అయిదో వంతు కుంచించుకుపోయేది. ముందే గట్టిపడిన పొడిని మూడు పాళ్ళు కలపడం వల్ల ఆ నష్టం బాగా తగ్గినది. కొద్ది ఏళ్ళలోనే ఎర్ర రబ్బరు మూలపడినది. యుద్ధం నాటికి ప్రతి సైనిక ఆసుపత్రిలోని పళ్ళ విభాగంలో యీ పొడి, యీ ద్రవం, మైనం, స్టోన్ ప్లాస్టరు, ఇత్తడి డబ్బాలు సిద్ధంగా వుండేవి.

అమెరికా సైన్యంలో స్టాన్లీ ఎర్ఫ్, మిల్టన్ విర్ట్జ్, విక్టర్ డీట్జ్ అనే ముగ్గురు పళ్ళ డాక్టర్లు వుండేవారు. వారు వేరు వేరు చోట్ల, ఒకరి పని ఒకరికి తెలియకుండానే, తమ బల్ల మీద వున్న సరుకుతో కళ్ళు చేయ మొదలుపెట్టినారు. ఎర్ఫ్ అప్పుడు ఇంగ్లండులోని సైనిక ఆసుపత్రిలో వున్నాడు. సంగతి పైవారికి చేరగా 1944లో ముగ్గురినీ పెన్సిల్వేనియా రాష్ట్రంలోని వ్యాలీ ఫోర్జ్ జనరల్ హాస్పిటల్‌లో ఒకచోట చేర్చినారు. కళ్ళకు, ముఖాలకు గాయాలైన సైనికులు అక్కడికి పెద్దసంఖ్యలో వచ్చేవారు. ముగ్గురి పద్ధతులూ కలిపి ఒక పద్ధతి కుదిర్చి, సైన్యంలోని ఇతర పళ్ళ డాక్టర్లకు, పనివారికి నేర్పినారు. బెథెస్డాలోని నౌకాదళపు దంతవైద్య పాఠశాలలో కూడా ఆ కాలంలోనే ఇట్టి ప్రయత్నం జరిగి, మర్ఫీ, ష్లాస్‌బర్గ్ అనేవారు 1944లో తమ పద్ధతిని అచ్చువేసినారు. లౌషాలో తండ్రి కొడుక్కు చెవిలో చెప్పినది ఇక్కడ పత్రికలో అచ్చైనది. మా దృష్టిలో యీ చరిత్రకంతకూ ముఖ్యమైన మలుపు యిదే. గాజు పోయి ప్లాస్టిక్కు రావడం దీని తరువాతి మాట.

ఆ పద్ధతిలో కాలక్రమాన ఎన్ని మార్పులు వచ్చినా మూలం నేటికీ అదే. చదువరులు విసుక్కోకుండా వింటే కొంచెం వివరంగా చెబుతాము.

రోగిని నిటారుగా కూర్చోబెట్టి ఎదుటికి చూడమంటారు. పళ్ళ కొలత తీయడానికి వాడే ఆల్జినేట్ పొడిని నీళ్ళతో పలుచగా కలిపి, సన్నని గొట్టమున్న చిన్న తట్ట గుండా కంటి గుంటలోకి ఎక్కిస్తారు. రెండు మూడు నిముషాలలో అది మినపజున్ను వలె గడ్డకడుతుంది. గడ్డకట్టే లోపల పైకి, కిందకి, పక్కలకు చూడమంటారు. లోపలి కండరాల కదలిక కూడా ఆ కొలతలో పడవలెనని. బయటికి తీస్తే గుంట ఆకారం వంకరటింకరలతో సహా వస్తుంది. ఏ ఇద్దరిదీ ఒకటి కాదు. చాలామంది కన్నంటే గోళీ వలె గుండ్రని బంతి అనుకుంటారు గాని, పెట్టుడు కన్ను వాస్తవానికి ఒక వంపు చిప్ప. ముందు వైపు కన్ను వలె, వెనుక వైపు ఆ మనిషి గుంట వలె వుంటుంది.

యీ ఆల్జినేటుకు కూడా యుద్ధపు కథే వున్నది. అంతకుముందు కొలతలకు సముద్రపు నాచు నుండి తీసిన అగర్ వాడేవారు. దానికి ముఖ్యమైన వనరు జపాను. యుద్ధంలో అదీ ఆగినది. వేరే రకం నాచు నుండి తీసిన ఆల్జినేట్ దాని స్థానంలోకి వచ్చినది. జర్మనీ గాజు ఆగినది, జపాను నాచు ఆగినది. ఒకదాని లోటు తీర్చడానికి పుట్టిన వస్తువు రెండవదాని లోటు తీర్చడానికి పనికివచ్చినది.

కొలత నుండి స్టోన్ ప్లాస్టరులో అచ్చు తీసి, కరిగిన మైనం పోసి మైనపు కన్ను చేస్తారు. దానిని రోగికి పెట్టి చూస్తారు. రెప్ప ఎత్తు చాలదనుకుంటే మైనం చేర్చుతారు, ఎక్కువైతే చెక్కుతారు. మంచి కంటితో పోల్చి నల్లగుడ్డు ఎక్కడ వుండవలెనో గుర్తు పెడతారు. తరువాత ఆ మైనపు కన్నును ప్లాస్టరు నిండిన ఇత్తడి డబ్బాలో పూడ్చి, వేడినీటితో మైనం కరిగించివేసి, ఆ ఖాళీలో తెల్లని ఆక్రిలిక్ ముద్ద నొక్కుతారు. కుంభకోణం దగ్గర స్వామిమలై స్థపతులు పంచలోహ విగ్రహాలు పోతపోయడం చూసిన మనవారికి యీ పని వింతగా తోచదు. మైనం వెళ్ళిపోయిన చోట లోహం బదులు ముద్ద చేరుతుంది, అంతే తేడా.

వేడి పెట్టడంలో ఓర్పు కావలెను. ఆ ద్రవం నూరు డిగ్రీల దగ్గర మరుగుతుంది. తొందరపడి ఒక్కసారిగా మరిగించితే లోపల బుడగలు పట్టి కన్ను స్పంజి వలె తయారవుతుంది. అందుకని ముందు డెబ్బై డిగ్రీల ప్రాంతంలో నిదానంగా ఉడకనిచ్చి, కడపట మరిగిస్తారు. ఇడ్లీ వండే ఇల్లాలికి యీ సూత్రం ఎవరూ చెప్పనక్కరలేదు.

అసలు అందం ఆ తరువాత వున్నది. పై పొర కొద్దిగా గీకి, నల్లగుడ్డును ఎదుటి కంటిని చూస్తూ కుంచెతో దిద్దుతారు. మన కళ్ళను నల్లవని అనేస్తాముగాని దగ్గరగా చూస్తే అందులో తేనెరంగు, కాఫీరంగు, అంచున బూడిదరంగు వలయం అన్నీ వుంటవి. వయస్సు మీరినవారికి ఆ అంచు వలయం తెల్లబారుతుంది, దానిని కూడా వేయవలెను. తెల్లగుడ్డు తెల్లకాగితం వలె వుండకూడదు. మనవారి తెల్లగుడ్డులో కొంచెం పసుపు, అక్కడక్కడ గోధుమరంగు మచ్చ వుంటుంది. నరాల కోసం ఎర్రని దారపు పోగును విడదీసి, వెంట్రుకకన్న సన్నని నూలును ఆ తెలుపు మీద పరచి అతికిస్తారు. వీటన్నిటి పైన పారదర్శకమైన ఆక్రిలిక్ పొర వేసి మరల ఉడికించి, ప్యూమిస్ పొడితో, గుడ్డ చక్రంతో మెరుగుపెడతారు. దేవతా విగ్రహానికి నేత్రోన్మీలనం కడపట చేసే ఆచారం మనకు వున్నది. ఆ క్షణంలో స్థపతి చేయి ఎట్లా నిలకడగా వుండవలెనో, నల్లగుడ్డు దిద్దేవారి చేయీ అట్లాగే వుండవలెను.

ఇట్లా అతని గుంటకే అచ్చుగా చేసిన కన్ను లోపలి కండరాల కదలికను అందుకుని కొంతమేరకు తానూ కదులుతుంది. ఎదుట కూర్చుని మాట్లాడేవారు పోల్చలేని సందర్భాలు ఎన్నో. ఒరిసిన చోట అరగదీయవచ్చును, చాలని చోట చేర్చవచ్చును. జర్మనీలో మాత్రం నేటికీ చాలామంది గాజుకన్నే పెట్టుకుంటారు. అక్కడి పనివారి నేర్పు అటువంటిది. గాజు తడి బాగా పట్టుకుంటుందనీ, రెప్ప హాయిగా జారుతుందనీ వారి వాదం. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే అట్టి పనివాడు మన జిల్లాకు ఒక్కడు కూడా లేనప్పుడు ఆ వాదంతో మనకు పనిలేదు.

ఆక్రిలిక్కు కంటి లోపలికి కూడా పోయినది. 1940లో జర్మను విమానాలతో పోరాడిన బ్రిటిష్ వైమానికుల కళ్ళలో విమానపు అద్దం ముక్కలు గుచ్చుకుంటే, అవి ఏళ్ళ తరబడి వున్నా కన్ను వాటిని ఏమీ అనలేదు. హెరాల్డ్ రిడ్లీ అనే లండన్ వైద్యుడు ఆ సంగతి గమనించి 1949 నవంబరులో శుక్లం తీసిన కంటిలో అదే పదార్థంతో చేసిన కటకం అమర్చినాడు. మధురలో అరవింద్ ఆసుపత్రివారు 1992లో అరోలాబ్ స్థాపించి అట్టి కటకాలను చవకగా చేయసాగినారు. మన అమ్మమ్మలలో ఎందరికో మరల చూపు వచ్చినది ఆ దారినే.

పెట్టుడు కంటికి అంత పేరు రాలేదు. మన దేశంలో అది కట్టుడు పళ్ళ శాఖలోనే వుండిపోయినది. దంతవైద్య కళాశాలలలో ఆ శాఖ చదివేవారికి ముక్కు, చెవి, కన్ను వంటి ముఖభాగాలు చేయడం కూడా చదువులో భాగం. బొంబాయిలో నాయర్ దంతవైద్య కళాశాల 1933లోనే వచ్చినది, మద్రాసు ప్రభుత్వ కళాశాల 1953లో, బెంగుళూరుది 1958లో, హైదరాబాదుది 1959లో. కటకంలో కూడా ప్రభుత్వ దంతవైద్య కళాశాల వున్నది. హైదరాబాదులో 1987లో వచ్చిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వంటి పెద్ద కంటి ఆసుపత్రులలో దీనికి ప్రత్యేకంగా నేర్చినవారు వున్నారు. అయినా కన్ను పోయినవాడు పళ్ళ ఆసుపత్రికి ఎందుకు పోతాడు? వానికి ఎవరు చెబుతారు? పొరుగు భాష మధ్య బ్రతికే మన కుటుంబాలలో, ఆసుపత్రిలో గట్టిగా నాలుగు ప్రశ్నలు అడగడానికి జంకేవారు ఎక్కువ. గాయం మానినది, ఇంటికి పొమ్మన్నారు, వచ్చేసినారు. తరువాత జీవితమంతా నల్ల కళ్ళజోడు.

అట్లా వుండిపోవడంలో నష్టం సిగ్గు ఒక్కటే కాదు. ఖాళీగా వదిలిన గుంట ఏళ్ళు గడిచేకొద్దీ లోపలికి కుంచించుకుపోతుంది. తరువాత పెట్టదలచినా కన్ను నిలవదు, మరల శస్త్రచికిత్స కావలసివస్తుంది. పసిపిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త కావలెను. గుంటలో ఏదో ఒకటి నిండుగా లేకపోతే ఆ వైపు ఎముక సరిగా ఎదగక ముఖం ఒకవైపు చిన్నదవుతుంది. అందుచేత కన్ను తీసినప్పుడే లోపల ఒక గుండు అమర్చి, రెప్పల వెనుక చిన్న చిప్ప పెట్టి, ఆరు ఎనిమిది వారాలకు పుండు మానిన తరువాత కొలత తీసుకుంటారు. పిల్ల ఎదిగేకొద్దీ దానిని పెద్దది చేస్తూ పోవలెను. ఆక్రిలిక్కు గనుక అది సాధ్యం. పెద్దవారికైతే ఒక కన్ను సుమారు అయిదేళ్ళు వస్తుంది.

పెట్టుకున్నవారు దానిని రోజూ తీసి కడగనక్కరలేదు. మాటిమాటికి తీస్తేనే రెప్పలు ఒరుస్తవి. కడిగినప్పుడు సబ్బునీరు, మంచినీరు చాలును. స్పిరిటు తగలనీయరాదు, ఆక్రిలిక్కు పగుళ్ళు బారుతుంది. ఏడాదికి ఒకసారి చేసినవారి దగ్గరికి తీసుకుపోతే, కట్టుడు పళ్ళకు మెరుగుపెట్టే ఆ గుడ్డ చక్రం మీదనే దీనికీ మెరుగుపెట్టి ఇస్తారు. పని అరగంటలో అయిపోతుంది.